టమాటా పెట్టె వెనుక లెక్క

శ్రోతలకు నమస్కారం. బెంగళూరుకు తూర్పున శ్రీనివాసపురం, ముళబాగిలు, చింతామణి పల్లెల్లో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడ పుట్టి ఈ నగరంలో స్థిరపడిన నాకు మనవాళ్ల సేద్యంలో ఒక లోటు ఏటా కనిపిస్తూనే ఉంది. మన రైతుకు ఏ తెగులుకు ఏ మందో తెలుసు, ఏ కాపుకు ఎంత నీరో తెలుసు. తన టమాటా పెట్టె తనకు ఎంతకు పడిందంటే మాత్రం చాలామంది చెప్పలేరు. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల పెట్టె 2,000 రూపాయలు దాటింది; ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాదని అదే పంటను చేలోనే వదిలేసినవారూ ఉన్నారు. అందుకే వ్యవసాయంలో, ఆహార తయారీలో వ్యాపారం చేయదలచినవారికి కావలసిన నైపుణ్యాల్లో నేను లెక్కకే పెద్దపీట వేస్తాను.

ఇటీవల వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సంతలో ముళబాగిలు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఎండు టమాటా ముక్కలు అమ్ముతోంది. ఎర్రగా, గలగలలాడుతూ చూడముచ్చటగా ఉన్నాయి. 100 గ్రాముల పొట్లం 60 రూపాయలు. ‘‘మా తోటవే కదక్కా, ఖర్చేముంది?’’ అంది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. టమాటాలో 95 శాతం దాకా నీరే కాబట్టి, తొడిమలు, దెబ్బతిన్న కాయలు తీసేసి ఎండబెడితే ఒక పెట్టెకు ఆమెకు దక్కినవి 8 పొట్లాలు, అంటే 480 రూపాయలు. అదే పెట్టె ఆ వారం మండీలో 250 పలికింది. పొట్లాలకు, లేబుళ్లకు 48, బస్సు చార్జీలో, సంత అద్దెలో ఆ పెట్టె వంతు 100 తీసేస్తే మిగిలింది 82 రూపాయలు. కోసి, ఎండబెట్టి, రెండు రోజులు కాపలా కాసిన ఆమె చాకిరీకి దక్కిన కూలి అదే. సొంత పొలం పంటకూ మండీ ధర కట్టాలని, ఇంటివాళ్ల కష్టానికీ కూలి రాసుకోవాలని మనకు ఎవరూ నేర్పలేదు.

ఈ లెక్క రాసి ఉంటే బ్యాంకు మెట్లెక్కడానికీ జంకు ఉండదు. 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ పెట్టారు. అయితే అది రుణంతో ముడిపడినది, రుణమిచ్చేవారు ముందు అడిగేది జమాఖర్చులే.

కావలసిన రెండవ నైపుణ్యం శుభ్రత, నిల్వ తెలిసి ఉండటం. పచ్చడి చేసేవారు పులుపును నాలుకతో మాత్రమే చూస్తారు. పులుపును కొలిచే అంకె పీహెచ్; పులుపు తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. అది 4.6కు మించితే గాలి చొరని సీసాలో బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను తెచ్చే క్రిమి పెరిగే ప్రమాదం ఉంది కనుక, ప్రతి విడతనూ మీటరుతో కొలవడం అవసరం. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ ఇలాంటి విషయాల్లో స్వల్పకాలిక శిక్షణలు ఇస్తుంది. లేబుల్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, నికర బరువు స్పష్టంగా ఉండాలి.

అరువు సంగతి కూడా చెప్పాలి. సరుకు అమ్ముడయ్యాకే డబ్బిస్తామనే దుకాణాలకు అంతా దింపేస్తే, తరువాతి విడతకు పెట్టుబడి ఉండదు. మొదట్లో రెండు మూడు దుకాణాలు చాలు.

పోయిన నెల ఆ ఎండు టమాటాల ఆవిడ మళ్లీ కనిపించింది. పొట్లం ధర 90 చేసింది, కొనేవారు కొంత తగ్గారట. పక్కనే నోటుపుస్తకం తెరిచి ఉంది. అందులో ‘నా కూలి’ అని ఒక వరుస కొత్తగా గీసుకుంది.