నలుగు పిండి, నిమ్మచెక్క, మన ముఖచర్మం

శ్రోతలకు నమస్కారం.

ముఖానికి ఏది రాసుకుంటే మంచిదని అడిగితే మన ఇళ్లలో జవాబులకు కొదవ ఉండదు. శనగపిండి, పెసరపిండి, పసుపు, పెరుగు, తేనె, నిమ్మకాయ, కలబంద అంటూ ఎవరికి తెలిసింది వారు చెబుతారు. వీటిలో నిజంగా మేలు చేసేవి ఉన్నాయి, కీడు చేసేవీ ఉన్నాయి. సహజమైనవన్న ఒక్క మాటతో అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే చిక్కు వస్తోంది.

మన చర్మపు పైపొర కాగితం కంటే పలుచనిది. ఒంట్లోని తేమను బయటికి పోనివ్వకుండా, బయటి సూక్ష్మజీవులను లోపలికి రానివ్వకుండా కాపాడేది ఆ పొరే. చర్మం మీద సహజంగా ఉండే స్వల్ప ఆమ్లగుణం, అంటే సుమారు 5 దగ్గర ఉండే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), ఆ కాపుదలకు అవసరం. కాబట్టి ముఖానికి రాసే ఏ వస్తువునైనా, అది ఈ పొరను చెదరగొడుతుందా లేదా అన్న దృష్టితోనే చూడాలని నా అభిప్రాయం.

ఆ దృష్టితో చూసినప్పుడు మన పెద్దలు వాడిన నలుగు పిండి చాలావరకు నిలబడుతుంది. పండుగనాడు, పెళ్లిలోనూ నలుగు పెట్టేటప్పుడు ముందు నువ్వుల నూనె పట్టించి, ఆ తరువాతే పిండితో రుద్దడం మన ఆనవాయితీ. ఈ వరుసలో ఎంతో వివేకం ఉంది. నూనె చర్మానికీ పిండికీ మధ్య అడ్డుగా నిలిచి ఒరిపిడిని తగ్గిస్తుంది. పిండి ఆ నూనెను, దానితోపాటు మురికిని పీల్చుకుంటుంది. నూనె మానేసి, బరకగా ఉన్న పొడి పిండితో మొహాన్ని గట్టిగా తోమడం ఈ పద్ధతి కానే కాదు.

ముఖానికైతే పెసరపిండి మెత్తగా ఉండాలి. పెసలను ఎండబెట్టి మర పట్టించిన తరువాత పలుచని నూలుగుడ్డలో వేసి జల్లించండి. చిటికెడు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసినప్పుడు ఏ కొంచెం రవ్వ తగిలినా మళ్లీ జల్లించవలసిందే. రెండు చెంచాల పిండిని పాలతోనో పెరుగుతోనో కలిపి, తడి ముఖానికి పలుచగా రాసి, రెండు మూడు నిమిషాలు ఉంచి, పూర్తిగా ఆరకముందే తడిచేతితో మృదువుగా కడిగివేయాలి. పిండి ఎండి బిగుసుకుపోయే దాకా ఉంచితే చర్మంలోని తేమ తగ్గుతుంది, ఊడదీసేటప్పుడు రాపిడి ఎక్కువవుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ముల్తానీ మట్టికీ ఇదే నియమం. జిడ్డు చర్మానికి అది బాగుంటుంది కాని, పొడి చర్మం వారు దాని జోలికి పోకపోవడమే మేలు.

నలుగు పిండిలో కచ్చూరాలు, వట్టివేళ్లతోపాటు కొందరు బావంచాలు కూడా కలుపుతారు. బావంచాలలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి ఎండను తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. ఆ గుణం వల్లనే బొల్లి చికిత్సలో వైద్యుల పర్యవేక్షణలో సోరాలెన్‌ను వాడతారు. అందువల్ల ముఖానికి వాడే పిండిలో బావంచాలు వేయవద్దని గట్టిగా చెబుతాను.

ఇక పసుపు. గాయాలను మాన్పడానికి పసుపును వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. అది భారతదేశంలో తరతరాలుగా తెలిసిన విషయమేనని మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ఆధారాలతో నిరూపించగా, 1997లో ఆ పేటెంట్ రద్దయింది. పసుపు గుణం మీద మన పెద్దలకున్న నమ్మకం గట్టిదే. అయితే మేని రంగును మార్చడానికని పసుపు రుద్దనక్కరలేదు. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి మనలను కాపాడుతుంది. దానిని తొలగించుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. పసుపు వాడాలనుకుంటే కల్తీ లేని కొమ్ములు కొని ఇంట్లో కొట్టించుకుని, చిటికెడు మాత్రమే పిండిలో కలపండి.

నిమ్మకాయ విషయంలో మాత్రం నేను రాజీపడలేను. నిమ్మరసం పీహెచ్ సుమారు 2. ఈ కొలతలో ఒక్కొక్క అంకె తగ్గినకొద్దీ ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది కనుక, 5 దగ్గర ఉన్న చర్మంతో పోలిస్తే నిమ్మరసంలో ఆమ్లత వెయ్యి రెట్లు ఎక్కువ. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. నిమ్మజాతి తొక్కలలోని కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్లు ఎర్రబడి, బొబ్బలెక్కి, ఆపైన నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. మచ్చలు పోవడానికని నిమ్మచెక్కతో మొహం రుద్దుకుని మన మే నెల ఎండలోకి వెళ్లడమంటే మచ్చలను కోరి తెచ్చుకోవడమే. వంట సోడా సంగతి ఇందుకు ఎదురుదిశలో ఉంటుంది. దాని క్షారగుణం పైపొరను దెబ్బతీస్తుంది. ఈ రెండూ వంటకే పరిమితం కావాలి.

కలబంద చల్లదనాన్ని ఇస్తుంది. కాని, కోసిన మట్టను కాసేపు నిలువుగా ఉంచి, కారే పసుపుపచ్చని జిగురును పూర్తిగా పోనిచ్చి, లోపలి తెల్లని గుజ్జును మాత్రమే తీసుకోవాలి. ఆ జిగురు దురద పుట్టిస్తుంది. కొబ్బరినూనె పొడిబారిన చేతులకూ కాళ్లకూ మంచిదే. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం రంధ్రాలు మూసుకుపోయేలా చేయవచ్చు.

కొత్త వస్తువు ఏదైనా సరే, ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, రెండు రోజులు గమనించాలి. రోజువారీగా ఉదయం, రాత్రి ఘాటులేని దానితో మొహం కడుక్కుని, తడి ఆరకముందే తేమనిచ్చే లేపనం రాసుకుని, పగలు బయటికి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకుంటే చాలు. వంటింట్లో సన్‌స్క్రీన్‌కు సాటి వచ్చే వస్తువు లేదు. మంగుమచ్చలు వ్యాపిస్తున్నా, మొటిమలు గడ్డకట్టి నొప్పి పెడుతున్నా, పూతలన్నీ ఆపివేసి చర్మవ్యాధి నిపుణులను కలవండి. వెళ్లేటప్పుడు అప్పటిదాకా ఇంట్లో ఏమేమి రాసుకున్నారో, మందుల దుకాణంలో అడిగి ఏ క్రీములు కొని వాడారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకువెళ్లండి. సగం రోగనిర్ణయం ఆ కాగితంలోనే దొరకవచ్చు. నమస్కారం.