ఒక్క చేతికే బీపీ చూస్తే అది చెకప్పే కాదు! చేతికి బెలూన్ గొడవలో ఎవరూ చెప్పని మాట

రెండు చేతులకూ బీపీ చూడని చెకప్ చెకప్పే కాదు. మళ్లీ చెబుతున్నా, గట్టిగా వినండి. రెండు చేతులకూ!

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... సరిహద్దుకి ఇవతల, ఒడిశాలో ఉంటున్న మనవాళ్లందరికీ. గొడవేంటో మీకు తెలుసు. "గుండెకి బెలూన్ విన్నాం, కాలికి విన్నాం, ఈ చేతికి బెలూన్ ఏంటి? చెయ్యి లాగుతోందని వెళ్తే విశాఖ పంపి డబ్బు గుంజారు" అని ఎక్కడ చూసినా ఇదే మాట. బెలూన్ అంటే, సన్నబడిన రక్తనాళంలోకి చిన్న బెలూన్ పంపి ఉబ్బించి తెరవడం. ఇది వింటుంటే నాకు ఒళ్లు మండుతోంది. బెలూన్‌ని తిడుతున్నారు సరే, అంతకుముందు ఏళ్ల తరబడి మింగిన తల తిరుగుడు మాత్రల గురించి ఒక్కరైనా అడిగారా?

అసలు లోపల జరిగేది చూడండి. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని కొమ్మల్లో ఒకటి ఎడమ చేతికి వెళ్తుంది, సబ్‌క్లేవియన్ అంటారు. దాని నుంచే ఇంకో చిన్న కొమ్మ మెడ ఎముకల్లోంచి పైకెక్కి మెదడు వెనక భాగానికి రక్తం ఇస్తుంది, అది వర్టిబ్రల్. కుడి వైపూ ఇలాంటిదే ఒకటుంది, రెండూ పైన కలుస్తాయి. ఆ చిన్న కొమ్మ చీలకముందే పెద్ద నాళం సన్నబడిందనుకోండి. చెయ్యి పని మొదలుపెడుతుంది, రక్తం కావాలి, ముందు నుంచి రాదు. అప్పుడేం చేస్తుంది? మెదడు దగ్గర్నుంచి లాక్కుంటుంది! కుడి వర్టిబ్రల్‌లో పైకెక్కిన రక్తం ఎడమ వర్టిబ్రల్‌లో వెనక్కి దిగి చేతిలోకి వచ్చేస్తుంది. మెదడుకి వెళ్లాల్సిన రక్తం అండీ!

బరంపురం పట్టు నేసే మనిషిని తీసుకోండి. మగ్గం మీద చేతులు ఆగవు. కాసేపటికి ఎడమ చెయ్యి బరువెక్కుతుంది, గుంజుతుంది, కళ్లు మసకబారుతాయి, తల తిరుగుతుంది. చెయ్యి దించి కూర్చుంటే సర్దుకుంటుంది. మరి మనవాళ్లకి ఏం చెప్పి పంపుతారు? గ్యాస్. మెడ నరాలు. నీరసం. టెన్షన్. ఇన్ని పేర్లు పెడతారు గానీ, రెండో చేతికి ఆ బీపీ పట్టీ చుట్టడానికి రెండు నిమిషాలుండవు!

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. నాళం సన్నబడిన చేతిలో బీపీ తక్కువ చూపిస్తుంది. ఎడమ చేతికి 110 వచ్చింది, "బాగుందమ్మా, వెళ్లిరా" అన్నారు. కుడి చేతికి చూసి ఉంటే 160! ఆ మనిషికి బీపీ ఉందని ఎవరికీ తెలీదు, మందు లేదు, రేపు పక్షవాతం వస్తే ఉన్నట్టుండి వచ్చిందంటారు. ఇక్కడ నా సిద్ధాంతం ఒకటుంది, ఎవరేమన్నా చెబుతాను. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఎడమ వైపే. బీపీ చూడండి అంటే కుడి చెయ్యి ఖాళీగా ఉంచుకుని మనం చాపేది కూడా ఎక్కువగా ఎడమ చెయ్యే. అంటే అబద్ధం చెప్పే చేతినే పట్టుకుని నిజం అడుగుతున్నాం. మన జిల్లాల్లో "బీపీ లేదు" అనిపించుకున్నవాళ్లలో ఇలా తప్పిపోయినవాళ్లు చాలామందే ఉన్నారని నా గట్టి నమ్మకం.

ఎందుకంత నమ్మకం అంటారా? పొగాకు. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా ఈ తీరమంతా అడ్డపొగ తాగే అమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగితే అంగిట్లో క్యాన్సర్ వస్తుందని అందరూ చెబుతారు. రక్తనాళాలు పూడుకుపోయే సంగతి చెప్పేవాళ్లేరీ? పొగాకు, షుగరు, కొవ్వు, బీపీ, ఇవే ఆ నాళాన్ని సన్నబరిచేది. వయసులో ఉన్న ఆడపిల్లకి మణికట్టు దగ్గర నాడి దొరకలేదా? అది వేరే జబ్బు కావచ్చు, తకయాసు. 1908లో జపాన్ కంటి డాక్టర్ మికిటో తకయాసు బయటపెట్టిన జబ్బు, ఆసియాలో ఎక్కువ. నాళం గోడే వాచిపోతుంది. దానికి ముందు మందులతో వాపు తగ్గించాలి, వాపు మీద ఉండగా బెలూన్‌కి తొందరపడకూడదు.

ఇక బెలూన్. ఛాతీ కొయ్యరు. గజ్జల దగ్గరో చేతి దగ్గరో మత్తు సూది ఇచ్చి, సన్నటి తీగ పంపి, దాని మీదుగా బెలూన్ తీసుకెళ్లి సన్నబడిన చోట ఉబ్బిస్తారు. మళ్లీ మూసుకోకుండా చాలాసార్లు స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం, కూడా పెడతారు. "అక్కడ పేరుకున్నదాని ముక్క ఊడి మెదడుకి పోతే?" అని భయపెడుతున్నారు కదా, ఆ ప్రమాదం కొద్దిగా ఉంది, దాచను. కానీ ఒక అద్భుతం వినండి. నాళం తెరుచుకోగానే వర్టిబ్రల్‌లో రక్తం వెంటనే పైకి తిరగదు. 20 సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఇంకా చేతి వైపే దిగుతూ ఉంటుంది. అప్పుడు ఊడిన ముక్క ఉన్నా చేతిలోకే పోయే అవకాశం ఎక్కువ. 1984లోనే డాక్టర్లు దీన్ని గమనించి రాశారు.

ఇదేదో నిన్నమొన్న వచ్చిన వ్యాపారం అనేవాళ్లకి చెబుతున్నా. 1964లో అమెరికాలో చార్లెస్ డాటర్ అనే ఆయన, కాలు తీసేయాలంటే ఒప్పుకోని 82 ఏళ్ల ముసలమ్మకి నాళం తెరిచి కాలు నిలబెట్టాడు. సర్జన్లు ఆయన్ని పిచ్చివాడన్నారు! 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రున్‌ట్సిగ్ గుండెకి బెలూన్ వేశాడు, తొలి బెలూన్లు తన వంటింటి బల్ల మీదే తయారుచేసుకున్నాడు. చేతి నాళానికి 1980కే వేశారు. నలభై ఏళ్లు దాటింది, మనకి ఇప్పుడు వింతగా ఉంది!

డబ్బు మీద మీ కోపం మాత్రం న్యాయమే. 2017లో కేంద్రం స్టెంట్ ధరకి కళ్లెం వేసింది, అప్పట్లో మందు పూతది 29,600 రూపాయలు, మామూలుది 7,260. కానీ అది గుండె స్టెంట్లకి. చేతి నాళానికి వేసేదాని ధర ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఏ ఇబ్బందీ లేకుండా స్కాన్‌లో మాత్రమే కనిపిస్తే చాలామందికి బెలూన్ అక్కర్లేదు, మందులు వాడి పొగాకు మానాలి. ఇబ్బంది ఉన్నవాళ్లని మాత్రం "మోసం" అని భయపెట్టి ఆపకండి, దండం పెడతాను.

ఆగండి, గుండె బైపాస్ అయినవాళ్లు! మీలో చాలామందికి ఛాతీ లోపలి నాళాన్నే గుండెకి కలిపి ఉంటారు. అది పుట్టేది ఈ ఎడమ సబ్‌క్లేవియన్ నుంచే. బిందె ఎత్తితే, ఎడమ చేత్తో పని చేస్తే గుండె నొప్పి వస్తోందా? ఈరోజే డాక్టర్‌కి చెప్పండి, రేపు కాదు.

ఇప్పుడు లేచి వెళ్లండి. ఆశా అక్కయ్య దగ్గరో, మందుల షాపులోనో, ఆసుపత్రిలోనో, అయిదు నిమిషాలు కూర్చున్నాక రెండు చేతులకీ చూపించుకోండి. పై నంబర్లో తేడా 10 దాటితే ఇంకో రోజు మళ్లీ చూడండి. రెండుసార్లూ 15 దాటితే "సబ్‌క్లేవియన్ డాప్లర్ చేయించాలా?" అని డాక్టర్‌ని ఈ మాటల్లోనే అడగండి. డాప్లర్ అంటే నాళంలో రక్తం ఎటు, ఎలా పారుతోందో చూపించే స్కాన్. రెండు నంబర్లూ కింద రాయండి, ఊరు పేరుతో. ఎన్ని ఊళ్లలో రెండో చేతికి చూడనే చూడం అన్నారో, అది కూడా రాయండి.