పెద్ద టీవీని నిలబెట్టే ఇంటికి తెచ్చుకోండి

శ్రోతలందరికీ నమస్కారం.

ఈమధ్య టీవీ షాపుకి వెళ్ళినవాళ్ళకి తెలిసే ఉంటుంది, 32 అంగుళాల టీవీ బెడ్‌రూమ్‌కి పరిమితమైపోయింది, హాల్లోకైతే 43, 55, గోడ సరిపోతే 65 కూడా అడుగుతున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, దానికి పండగ ఆఫర్ కూడా తోడైతే పెద్ద టీవీ కొనడం ఇదివరకటి కంటే తేలికే. కానీ దాన్ని ఇంటికి ఎలా చేర్చాలన్నది చాలామంది బిల్లు కట్టాక, షాపు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చే పోయే ఆటోల్ని చూస్తూ ఆలోచిస్తారు. అప్పుడిక ఏ బండి దొరికితే ఆ బండే. వేలకు వేలు పోసి కొన్న వస్తువు పగిలేది సరిగ్గా ఆ తొందరలోనే.

ముందుగా ఒక్క మాట చెబుతాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. టీవీని పడుకోబెట్టకండి. షాపు నుంచి మీ ఇంటి గోడ దాకా అది నిలబడే ప్రయాణం చెయ్యాలి. అద్దాల షాపువాళ్ళు పెద్ద పెద్ద గాజు పలకల్ని ఎలా తీసుకెళ్తారో గమనించండి, స్టాండుకి ఆనించి నిలువుగానే కదా. టీవీ తెర కూడా పల్చటి గాజే. పెట్టెలో థర్మాకోల్ దాని అంచుల్ని పట్టుకుని ఉంటుంది, మధ్యలో ఆసరా తక్కువ. నిలబెడితే బరువంతా కింది అంచు మీదకి దిగుతుంది, గట్టిగా ఉండేది ఆ అంచే. పడుకోబెడితే మాత్రం మధ్య భాగం గాల్లో వేలాడుతూ ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కిందికీ పైకీ ఊగుతుంది, దాని మీద ఎవరైనా ఇంకో సంచి పెట్టారంటే ఇక చెప్పక్కర్లేదు. పెట్టె మీద పైకి చూపించే బాణాలు, గ్లాసు బొమ్మ అచ్చువేసేది ఇందుకే, గొడుగు బొమ్మ తడవనివ్వకూడదని. అవి చదువు రానివాళ్ళకి కూడా అర్థం కావాలని వేసినవి, హమాలీకి కూడా ఓసారి చూపించండి.

పెద్దవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. పాత డబ్బా టీవీల కాలంలో బరువంతా ముందువైపు గాజులో ఉండేది, అందుకని తెరని పొట్టకి ఆనించుకుని మోసేవాళ్ళం, అదే సరైన పద్ధతి కూడా. ఇప్పటి టీవీకి అది పనికిరాదు. తెర బయటివైపు ఉండాలి, ఇద్దరు మనుషులు చెరో చివర పట్టుకోవాలి, అరచేతులు ఫ్రేము మీదే ఉండాలి, వేళ్ళు తెర మీద నొక్కకూడదు. చొక్కా గుండీ, బెల్టు బకిల్ తగిలినా గీత పడుతుంది. పాత అలవాటు చేతులకి ఉండిపోతుంది, పట్టుకునే ముందే చెప్పుకుంటే మంచిది.

ఇక బండి సంగతి. 55 అంగుళాలంటే మూల నుంచి మూలకి కొలత. అడ్డంగా చూస్తే టీవీయే దాదాపు 122 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగులు. పెట్టెతో కలిపితే నాలుగున్నర అడుగుల దాకా వస్తుంది. 65 అయితే టీవీయే 144 సెంటీమీటర్లు. 43 అంగుళాల పెట్టె చాలా కార్లలో వెనక సీటు మీద నిలబడుతుంది, 55 మాత్రం మామూలు కారు తలుపులోంచి నిలువుగా పట్టడం కష్టం, పట్టించాలని వంచి తోస్తే తెరకే ప్రమాదం. కాబట్టి పెట్టె కొలతలు షాపులో అడిగి రాసుకోండి, ఆన్‌లైన్లోనూ ఇస్తారు, ఇంటి దగ్గర టేపు పెట్టి కారు తలుపు కొలవండి. అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కూడా అప్పుడే కొలిచేస్తే ఒక టెన్షన్ తీరిపోతుంది. బైకు మీద వెనక మనిషి పట్టుకుని తేవడం మాత్రం వద్దే వద్దు. పెట్టెకి గాలి తగిలిందంటే బండి పక్కకి లాగేస్తుంది, టీవీ సంగతి తర్వాత, ముందు మనుషులు పడతారు.

చవకగా రావాలంటే ముందు షాపునే అడగండి. ఊళ్ళో అయితే చాలా షాపులు ఉచితంగానే పంపిస్తాయి, లేదా బేరంలో ఒప్పుకుంటాయి. ధర మీద చివరి అయిదువందల కోసం గీసి గీసి బేరమాడే బదులు డెలివరీ అడగడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే దారిలో పగిలితే బాధ్యత కూడా వాళ్ళదే అవుతుంది. ఆ మాట బిల్లు మీద రాయించుకోండి, ఏ అంతస్తు దాకా తెస్తారో కూడా. నోటిమాటగా చెప్పింది గేటు దగ్గరే ఆగిపోవచ్చు.

పల్లెటూరి నుంచి వచ్చి హైదరాబాద్ కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో కొనేవాళ్ళకి షాపు డెలివరీ అందకపోవచ్చు. అలాంటప్పుడు రిటర్న్ బండి కోసం చూడండి. తెల్లవారుజామున కూరగాయలు దింపిన టాటా ఏస్‌లు, ట్రాలీ ఆటోలు ఖాళీగా ఊరికి తిరిగి వెళ్తుంటాయి, వాళ్ళకి డీజిల్ ఖర్చులో కొంత వచ్చినా లాభమే, అందుకే కిరాయి బాగా తగ్గుతుంది. మీ ఊరి బండి అయితే మరీ మంచిది, డ్రైవరు తెలిసినవాడు కాబట్టి నెమ్మదిగా పోనిస్తాడు. అదే వీధిలో ఎవరైనా ఫ్రిజ్ కొనే ఆలోచనలో ఉంటే ఇద్దరూ ఒకే రోజు వెళ్ళి కిరాయి పంచుకోండి. ప్రైవేటు బస్సు డిక్కీలో మాత్రం వెయ్యకండి. డిక్కీ ఎత్తు తక్కువ, అక్కడ టీవీని పడుకోబెట్టక తప్పదు, పైగా మధ్యలో ఎక్కినవాళ్ళ సూట్‌కేసులన్నీ దాని మీదే పడతాయి.

టాటా ఏస్ తొట్టి వెడల్పు సుమారు అయిదడుగులు. 55 పెట్టె అడ్డంగా, డ్రైవరు క్యాబిన్ వెనక గోడకి ఆనించి నిలబడుతుంది. బ్రేకు వేసినప్పుడు సామానంతా ముందుకే జరుగుతుంది కదా, అక్కడైతే టీవీకి గోడ ఆసరా ఉంటుంది. మధ్యలో పాత దుప్పటి గానీ, చిన్న పరుపు గానీ వెయ్యండి. తాడు పెట్టె అంచుల మీదుగా పోవాలి, తెర మధ్య మీద బిగించకూడదు. టీవీ వెనక ఇంకే బరువూ పెట్టకండి, పెట్టక తప్పకపోతే అది ముందుకు జరక్కుండా విడిగా కట్టండి. వానాకాలం అయితే టార్పాలిన్ మర్చిపోవద్దు, అట్టపెట్టె తడిస్తే పట్టుకున్న చోటే చిరిగిపోతుంది.

ఇల్లు మారేవాళ్ళ దగ్గర పెట్టె ఉండదు. అప్పుడు ముందు స్టాండు విప్పి, గోడ బ్రాకెట్ స్క్రూలు, రిమోట్ ఒక కవర్లో వేసి మీ చేతి సంచిలో పెట్టుకోండి. తెర మీద మెత్తటి దుప్పటి, దాని మీద థర్మాకోల్ షీటు గానీ మందపాటి అట్ట గానీ వేసి కట్టండి. టేపు తెరకి అంటించకూడదు. లారీలో పరుపుని నిలువుగా పెడతారు, తెరని దానివైపు తిప్పి పక్కన నిలబెడితే అంతకంటే మంచి చోటు లేదు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకి అటక మీద చోటుంటే టీవీ పెట్టె, థర్మాకోల్ ముక్కలు పారెయ్యకండి.

ఇంటికి చేరాక పెట్టె బాగుంటే టీవీ కూడా బాగున్నట్టే అనుకోవద్దు. లోపలి పొర పగిలినా ఆపేసి ఉన్న నల్లటి తెర మీద కనిపించకపోవచ్చు, స్విచ్ వేస్తేనే గీతలూ మరకలూ బయటపడతాయి. కొన్ని కంపెనీలు తమ టెక్నీషియన్ వచ్చేదాకా పెట్టె తెరవొద్దంటాయి, ఆ షరతు ముందే అడగండి. తెరిచేటప్పుడు మొదటి నుంచీ ఫోన్లో వీడియో తీయండి, సీరియల్ నంబరు బిల్లుతో సరిచూడండి. విరిగిన తెర మామూలుగా వారంటీలోకి రాదు, కొత్తది వేయించాలంటే మళ్ళీ టీవీ కొన్నంత ఖర్చయ్యే సందర్భాలున్నాయి. షాపువాళ్ళే తెచ్చిన టీవీ పగిలి ఉండి, వాళ్ళు మాకు సంబంధం లేదంటే, బిల్లూ వీడియో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి.

నమస్కారం.