నాన్ అటెండింగ్ నర్సుకి లైసెన్సు ఇవ్వొచ్చా?

(అమలాపురంలో నర్సుల దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ నర్సింగ్ ట్యూటర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మే నెలలో, అమలాపురంలో, భోజనాలయ్యాక నా చేతికి మైకిచ్చారంటే నిర్వాహకులకి నా మీద నమ్మకమో, మీ మీద కక్షో తెలియట్లేదు. నిద్రొస్తే మొహమాటపడకండి. మీలో సగం మంది నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చారని నాకు తెలుసు.

ఇవాళ ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు కాబట్టి ఆవిడ చేతిలో దీపం గురించి చెబుతానని అనుకుంటున్నారేమో. దీపం గురించి ఏటా వింటూనే ఉన్నారు. ఇలాంటి సభల్లో మనం ఎత్తని సంగతి ఒకటుంది. నర్సులకి రిజిస్ట్రేషన్ పెట్టాలని బ్రిటన్‌లో ఉద్యమం లేచినప్పుడు ఆవిడ దానికి అడ్డం తిరిగింది. పరీక్ష పాసైతే మంచి నర్సు అయిపోదు, ఒకసారి పేరు పుస్తకంలోకెక్కాక ఆ మనిషి పని ఎలా చేస్తోందో ఎవరు చూస్తారు అన్నది ఆవిడ సందేహం. చివరికి ఓడిపోయిందనుకోండి. న్యూజిలాండ్ 1901లోనే నర్సుల రిజిస్ట్రేషన్‌కి చట్టం చేసింది. బ్రిటన్‌లో ఆవిడ పోయిన తొమ్మిదేళ్ళకి, 1919లో వచ్చింది. మన గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1926లో, నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. మన నర్సింగ్ కౌన్సిల్ వేళ్ళు అక్కడున్నాయి. ఓడిపోయినా ఆవిడ సందేహం మాత్రం పోలేదు. నిరుడు అది మా ఇంటి వీధరుగు మీదకి వచ్చి కూర్చుంది.

ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. లంక గ్రామం వాళ్ళు. ఆవిడ పదకొండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. తను అక్కడ ఊడ్చిన ఇళ్ళకి కూతురు ఆసుపత్రి యూనిఫాంలో వెళ్ళాలని కోరిక. అమ్మాయి ఇంటర్ బైపీసీ. ఒక ఏజెంటు తగిలాడు. వేరే రాష్ట్రంలో కాలేజీ అన్నాడు. రోజూ రానక్కర్లేదమ్మా, పరీక్షలప్పుడు వస్తే చాలు, అటెండెన్సు సంగతి మేం చూసుకుంటాం అన్నాడు. దీన్నే మన వైపు ముద్దుగా నాన్ అటెండింగ్ అంటారు. నోట్సు వాట్సాప్‌లో వచ్చేది. అమ్మాయి మూడేళ్ళూ పాలకొల్లులో బట్టల షాపులో పని చేసుకుంటూ జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, పూర్తి చేసింది. సర్టిఫికెట్‌కి లామినేషన్ కూడా చేయించారు. రిజిస్ట్రేషన్ దగ్గర బండి ఆగిపోయింది.

"మేడమ్, మీ స్టూడెంట్లు అన్ని ఆఫీసుల్లోనూ ఉంటారంట కదండీ, ఒక్క మాట చెప్పండి" అంది తల్లి.

నేను బీపీ మిషను తెచ్చి చెయ్యి చాపాను. నా బీపీ చూడమ్మా అన్నాను. హైపర్‌టెన్షన్ అంటే ఏమిటో, సిస్టాలిక్ ఎంత, డయాస్టాలిక్ ఎంత, గడగడా చెప్పింది. ఒక్క తప్పు లేదు. కఫ్ మాత్రం తిరగేసి కట్టింది. స్టెత్ చెవుల్లో వెనక్కి తిప్పి పెట్టుకుంది. ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. తల్లి అర్థం కాక అడిగింది: "పరీక్ష పాసయ్యింది కదండీ, మరి ఎందుకివ్వరు?"

మంచి ప్రశ్న. దీని మీద అమెరికాలో పెద్ద గొడవే నడిచింది. ఇక్కడ ఐఈఎల్‌టీఎస్‌కి కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయిలు ఉన్నారు కాబట్టి వినండి.

న్యూయార్క్ రాష్ట్రం 1971లో కాలేజీకి రాలేని వాళ్ళ కోసం ఒక డిగ్రీ పథకం పెట్టింది. అదే తర్వాత రీజెంట్స్ కాలేజీ అయ్యింది, 2001లో ఎక్సెల్సియర్ అని పేరు మార్చుకుంది. అందులో నర్సింగ్ కోర్సు ఉండేది. క్లాసుల్లేవు, వార్డు పోస్టింగులూ లేవు. ఇంట్లో చదువుకుని పరీక్షలు రాయాలి. అది మన ఏజెంటు కాలేజీ లాంటిది అనుకోకండి. ఇంటర్ పాసైన పిల్లల్ని తీసుకునేది కాదు. అప్పటికే ఆసుపత్రిలో ప్రాక్టికల్ నర్సులుగా, అంబులెన్సుల్లో పారామెడిక్కులుగా, సైన్యంలో వైద్య సహాయకులుగా చేతులు అరగదీసుకున్న వాళ్ళ కోసం పెట్టింది. రాత పరీక్షలన్నీ అయ్యాక రెండున్నర రోజుల పాటు నిజమైన ఆసుపత్రిలో, నిజమైన రోగుల దగ్గర పరీక్ష ఉండేది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పిల్లో పిల్లాడో. పక్కన ఎగ్జామినర్ నిలబడి చూస్తుంటే మొత్తం చెయ్యాలి. కీలకమైన చోట ఒక్క తప్పు చేస్తే ఆ రోగి దగ్గర పరీక్ష ఫెయిలే. అది దాటాక అందరితోపాటు ఎన్‌క్లెక్స్, అంటే అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష, రాయాలి.

చాలా రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. కాలిఫోర్నియా మాత్రం కుదరదంది. 2003 డిసెంబరు తర్వాత అందులో చేరిన వాళ్ళకి మా దగ్గర లైసెన్సు లేదని తేల్చేసింది. కారణం ఏమిటంటే, వాళ్ళ రూలు ప్రకారం థియరీ, వార్డు పని జోడెద్దుల్లా కలిసి నడవాలి. ఎప్పుడో పదేళ్ళ కిందట అంబులెన్సులో చేసిన పనిని ఇప్పుడు చదివిన పాఠానికి తెచ్చి అతికించడానికి వీల్లేదు. జార్జియా మధ్యదారి పట్టింది, సీనియర్ నర్సు పక్కన అదనంగా ఇన్ని గంటలు చేసి రండి అంది. ఒకే డిగ్రీ, ఒకే పరీక్ష, అయినా ఒక చోట నర్సు, ఇంకో చోట కాదు. ఎవరి బోర్డు వాళ్ళది మరి.

మొదట్లో ఈ సంగతి చదివినప్పుడు నేను కాలేజీ పక్షం. పదేళ్ళు అంబులెన్సులో తిరిగినావిడని మళ్ళీ కూర్చోబెట్టి థర్మామీటరు పట్టుకోవడం నేర్పుతారా అని విసుక్కున్నాను. ఇప్పటికీ ఆ మాటలో సగం న్యాయం ఉందనే అంటాను. కానీ కాలిఫోర్నియా చాదస్తం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే మన క్యాజువాలిటీకి రావాలి.

పురుగుమందు తాగిన కేసు వచ్చింది. వరి చేలకి కొట్టేదే. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కనుపాప సూదిమొనంత. డాక్టరు విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెట్టి ఇంకో కేసుకి వెళ్ళాడు. ఇక రాత్రంతా ఆ మనిషి నర్సు చేతిలో ఉన్నాడు. నాడి పెరిగిందా? ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా? ఒళ్ళు పొడిబారిందా? సరే, మంచిది. తెల్లవారుజామున మనిషి ఏవేవో మాట్లాడుతూ దుప్పటి మీద లేని దారాలు పీకుతున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది. ఇది విషమా, మందు ఎక్కువైందా? ఈ రెండిటికీ తేడా పుస్తకంలో నాలుగు లైన్లే. అర్ధరాత్రి ఆ నాలుగు లైన్లు గుర్తు రావాలంటే, అవి చదివిన వారంలోనే అలాంటి మనిషి మంచం పక్కన ఒకసారి నిలబడి ఉండాలి. పక్కన సిస్టర్ ఉండి "అదిగో, ఆ చేతులు చూడు" అని ఉండాలి.

కట్లపాము సంగతీ అంతే. మన వైపు కొత్తగా చెప్పక్కర్లేదు. నేల మీద పడుకున్న వాళ్ళని రాత్రి కుడుతుంది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. కడుపులో నొప్పి అంటూ వస్తారు. కనురెప్పలు కొద్దిగా వాలుతున్నాయంటే, నిద్రమత్తు కాబోలు అనుకున్న నర్సుకీ, తల పైకెత్తమని అడిగి చూసిన నర్సుకీ మధ్య ఒక ప్రాణం ఉంటుంది. కాన్పయ్యాక గర్భసంచి మీద చెయ్యి వేసి చూడటం మీకు తెలుసు. క్రికెట్ బంతిలా గట్టిగా ఉందంటే ఊపిరి పీల్చుకుంటాం, పిండిముద్దలా ఉందంటే ఇంకేమీ ఆలోచించకుండా మర్దన మొదలుపెట్టి కేకేస్తాం. ఆ గట్టి, ఆ మెత్తన వీడియోలో ఎలా చూపిస్తారు? కొబ్బరి దింపులు తీసేవాడెవడూ చెట్టెక్కడం యూట్యూబ్‌లో నేర్చుకోలేదు.

అన్నట్టు, రాత పరీక్ష ఒక్కటే కాపలా కాస్తే ఏమవుతుందో కూడా అమెరికాయే చూపించింది. 2023 జనవరిలో ఫ్లోరిడాలో నకిలీ నర్సింగ్ డిప్లొమాల కుంభకోణం బయటపడింది. 7,600కి పైగా దొంగ సర్టిఫికెట్లు అమ్మారు. ఆ దర్యాప్తుకి పెట్టిన పేరు ఆపరేషన్ నైటింగేల్, పాపం ఆవిడ పేరు ఎక్కడెక్కడ వాడతారో! అవి కొనుక్కున్న వాళ్ళలో సుమారు మూడో వంతు మంది ఎన్‌క్లెక్స్ పాసయ్యారు. మా వీధరుగు మీది తల్లి ప్రశ్నకి ఇదే నా జవాబు. పరీక్ష పాసవడం, రోగి దగ్గర నిలబడగలగడం వేరు వేరు.

మన దేశంలో రూలు స్పష్టంగానే ఉంది. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం నర్సింగ్ లాంటి కోర్సులు దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడని వాటిలో ఉన్నాయి. కాబట్టి ఇంట్లో కూర్చుని నర్సు అవ్వొచ్చు అని ఎవరైనా చెబితే, ఫీజు కట్టే ముందు కౌన్సిల్‌లో అడగండి. ఏజెంటుని కాదు, ఏజెంటు బావమరిదిని కూడా కాదు.

ఇక్కడిదాకా మీరందరూ తలలూపారు. ఇప్పుడు ఊపరేమో.

రెగ్యులర్ అని బోర్డు పెట్టుకున్న మన కాలేజీల్లో ఏం జరుగుతోంది? ఒక్కో స్టూడెంటుకి మూడు పడకలు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, ఒకే మంచం చుట్టూ ఇరవై మందిని నిలబెట్టేవాళ్ళం. ముందు వరసలో నలుగురికి రోగి కనిపించేవాడు, మిగతా వాళ్ళకి వాళ్ళ వీపులు కనిపించేవి. తనిఖీ వస్తోందంటే ఎక్కడెక్కడి నుంచో పేషెంట్లు ప్రత్యక్షం. కేసు బుక్కులో 20 సుఖప్రసవాలు చేసినట్టు రాయాలి కదా. హాస్టల్ డాబా మీద చాప పరుచుకుని, ఒకమ్మాయి పేర్లు చదువుతుంటే మిగతా వాళ్ళు రాసుకునేవాళ్ళు. ఆ బుక్కుల మీద సంతకం పెట్టిన ట్యూటర్లలో నేనూ ఉన్నాను. పెట్టకపోతే పిల్లల సంవత్సరం పోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సంతకాలతో లైసెన్సు తెచ్చుకున్న వాళ్ళు ఇప్పుడు ఎక్కడో డ్యూటీలు చేస్తున్నారు. బాగానే చేస్తుంటారు, ఉద్యోగంలో చేరాక ఏ హెడ్ నర్సో తిట్టి నేర్పి ఉంటుంది. ఆ నేర్చుకునే రోజుల్లో వాళ్ళ చేతికి చిక్కిన రోగుల గురించే నా బెంగ.

2020, 21లో కోవిడ్ వచ్చినప్పుడు పిల్లలు ఫోన్లలోనే పాఠాలు విన్నారు. వాళ్ళవి రెగ్యులర్ సర్టిఫికెట్లే. వాళ్ళు దూరవిద్య కాదని ఎలా అంటాం?

అందుకే దూరవిద్యా, రెగ్యులరా అని గీత గీయడం నాకు తృప్తిగా లేదు. అప్పటికే రిజిస్టరై, వార్డులో ఏళ్ళు గడిపిన జీఎన్‌ఎం సిస్టర్ డిగ్రీ చదువుకుంటానంటే ఆవిణ్ణి ఉద్యోగం మానుకుని క్లాసులో కూర్చోమనడం అన్యాయం. ఆ యూజీసీ నిబంధనలు రాకముందే, దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ పెట్టింది అలాంటి వాళ్ళ కోసమే. రిజిస్ట్రేషన్, రెండేళ్ళ అనుభవం ఉంటేనే సీటు, ప్రాక్టికల్స్‌కి సెంటరుకి రావాల్సిందే. పిల్లల్ని పెంచుతూ, నైట్లు చేస్తూ, తెల్లారి బస్సులో పుస్తకం పట్టుకుని అది పూర్తి చేసిన ముగ్గురు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ళని ఎవరైనా దూరవిద్య నర్సులని చిన్నచూపు చూస్తే నా దగ్గరికి పంపండి. కానీ ఇంటర్ అయిపోయిన పిల్లకి, రోగిని ఒక్కసారీ ముట్టుకోని పిల్లకి, ఇంట్లో కూర్చున్న చదువు మీద మొదటి లైసెన్సు ఇవ్వడానికి నేను ఒప్పుకోను. ఎంత మంచి పాఠం పెట్టినా సరే.

లైసెన్సు ఇచ్చే ముందు కౌన్సిల్ కూడా ఒకసారి మంచం పక్కన నిలబెట్టి చూడాలని నా కోరిక. ఎక్సెల్సియర్ వాళ్ళ రెండున్నర రోజుల పరీక్షని కాలిఫోర్నియా చాలదంది. మన దగ్గర సొంత కాలేజీ ప్రాక్టికల్స్ తప్ప అలాంటిది కూడా లేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి ఇచ్చే భోజనం గురించి మీకు నేను చెప్పాలా? రెగ్యులర్ అయినా సరే, కోవిడ్ బ్యాచి అయినా సరే, కాలేజీకి సంబంధం లేని ప్రభుత్వ ఆసుపత్రిలో, తెలియని సిస్టర్ ముందు ఒక రోజంతా డ్యూటీ చేయించాలి. ఖర్చవుతుంది, ఆలస్యమవుతుంది, సిఫార్సులూ వస్తాయి. అయినా డాబా మీద రాసిన కేసు బుక్కు కంటే నయం.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారని తెలుసు. ఏ ఆఫీసుకీ ఫోన్ చెయ్యలేదు. కాకినాడ వైపు ఒక కాలేజీలో మళ్ళీ మొదటి సంవత్సరంలో చేరమన్నాను. తల్లి నా మొహం మీదే ఏడ్చింది, నాలుగు నెలలు మాట్లాడలేదు కూడా. కువైట్ డబ్బు రెండుసార్లు ఖర్చు పెట్టించిన మనిషిని నేను, ఆవిడ కోపంలో తప్పు లేదు. అమ్మాయి మాత్రం చేరింది. తనకంటే నాలుగేళ్ళు చిన్నవాళ్ళతో ఒకే బెంచీ మీద కూర్చుంది.

పోయిన ఆదివారం ఫోన్ చేసింది. ఇంకా మేల్ మెడికల్ వార్డులోనే పోస్టింగ్ అంట. కాన్పుల వార్డుకి చాలా టైముంది. "ఇవాళ మొత్తం నలభై రెండు బీపీలు చూశాను మేడమ్. రెండు నాకు అనుమానంగా అనిపించి సిస్టర్‌ని పిలిచాను. ఒకటి నేను తప్పు చూశాను. రెండోది నిజంగానే పడిపోతోంది" అంది.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు వెనక వరసలో ఫ్యాను కింద కూర్చున్న వాళ్ళకి మైకివ్వండి.