నవంబర్‌లో డాన్యూబ్, చీకట్లో లాకులు

శ్రోతలకు నమస్కారం.

ఈ వేళ యూరప్‌లో నది మీద ఓడ ప్రయాణం గురించి మాట్లాడతాను. అదీ సీజన్ కాని రోజుల్లో. ఎండలు, పూలు, డెక్కు మీద వరసగా వేసిన కుర్చీలు, ఆ జూన్, జూలై నెలల సంగతి కాదు. నవంబర్ సంగతి. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే నవంబర్. పొద్దున పదయినా పొగమంచు వదలని నవంబర్.

కొన్నేళ్ళ కిందట మా చిన్నక్క, నేను జర్మనీలో న్యూరెంబర్గ్ దగ్గర ఓడ ఎక్కి, డాన్యూబ్ నది మీదుగా వెళ్ళి హంగరీలో బుడాపెస్ట్‌లో దిగాం. మొత్తం వారం రోజులు. మా మేనల్లుడు అక్కడే ఉద్యోగం చేస్తాడు. వాడే టికెట్లు చూశాడు. "అత్తా, నవంబర్‌లో అయితే చవగ్గా వస్తుంది. కానీ చలి, చీకటి. మీరిద్దరూ తట్టుకోగలరా?" అని ఫోన్లో అడిగాడు. అప్పుడు ధర చూసే సరేనన్నాను. ఇప్పుడు ఎవరైనా వచ్చి, అదే డబ్బుకు జూలైలో తీసుకెళ్తామన్నా నేను నవంబరే అడుగుతాను. ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఒక్క మాట. సీజన్ కానిది అంటే ఏ నెల? జనవరి, ఫిబ్రవరుల్లో చాలా ఓడలు అసలు కదలవు. రేవుల్లో కట్టేసి మరమ్మతులు చేసుకుంటారు. డిసెంబర్‌లో క్రిస్మస్ సంతలు ఉంటాయి కాబట్టి మళ్ళీ జనం, మళ్ళీ ధరలు. మిగిలింది నవంబర్ మొదటి మూడు వారాలు, మళ్ళీ మార్చి నెల. ఈ రెండు కిటికీలే. ఈ రోజుల్లో ఒంటరిగా వెళ్ళేవాళ్ళ దగ్గర గదికి అదనంగా తీసుకునే డబ్బు కూడా కొన్ని సంస్థలు వదిలేస్తాయి. భర్త పోయిన ఆడవాళ్ళు, పెళ్ళి చేసుకోనివాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. అది ఊరు కాదు, కోట కాదు. లాకు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవాళ్ళకు లాకు అంటే చెప్పక్కర్లేదు. కాలవ ఒక చోట ఎత్తులో, ఒక చోట పల్లంలో ఉన్నప్పుడు పడవని మెల్లగా ఎక్కించడానికో దించడానికో కట్టిన గది అది. రెండు పక్కలా గోడలు, ముందూ వెనకా తలుపులు. పడవ లోపలికి వస్తుంది, తలుపులు మూస్తారు, నీళ్ళు వదులుతారు, నీటితో పాటు పడవ లేస్తుంది. మా నాన్న గోదావరి కాలవ మీద లస్కరు. మా ఇల్లు లాకుల పక్కనే. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు వచ్చి ఆగితే నాన్న వెళ్ళి తలుపులు తిప్పేవారు. రాత్రి పూట లాంతరు పట్టుకుని వెళ్ళేవారు. నేను, చిన్నక్క గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. పడవ లేవడం నాలుగైదు అడుగులే. అయినా ప్రతిసారీ చూసేవాళ్ళం.

న్యూరెంబర్గ్ నుంచి ఓడ బయల్దేరేది నది మీద కాదు, కాలవ మీద. మైన్ నదినీ డాన్యూబ్ నదినీ కలిపే కాలవ అది. పొడవు 171 కిలోమీటర్లు, లాకులు 16. ఈ రెండు నదుల్ని కలపాలన్న కోరిక చాలా పాతది. 793లో షార్లమేన్ అనే ఫ్రాంకుల రాజు తవ్వించడం మొదలుపెట్టాడు. వానలకు తవ్విన మట్టి తవ్వినట్టే జారి లోపల పడిపోయిందని అప్పటి రాతలు చెబుతాయి. వెయ్యేళ్ళ తర్వాత బవేరియా రాజు లుడ్విగ్ వంద దాకా లాకులతో ఒక కాలవ కట్టించాడు. 1846లో అది పూర్తయింది, కానీ ఇరుకు. రైళ్ళతో పోటీ పడలేకపోయింది. ఇప్పుడున్నది 1992 సెప్టెంబర్‌లో తెరిచారు. దాంతో ఉత్తర సముద్రం దగ్గర ఎక్కిన సరుకు నల్ల సముద్రం దాకా నీటి మీదే వెళ్ళొచ్చు.

మా ఓడ రాత్రి భోజనాలయ్యాక బయల్దేరింది. ఈ కాలవ మీద వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి. అందుకని పై డెక్కు మూసేశారు. ఓడ నడిపే గది కూడా లిఫ్టులాగా కిందికి దిగిపోయింది. ముందు భాగంలో మాత్రం నలుగురు నిలబడేంత జాగా ఉంది. లోపల అందరూ వెచ్చగా కూర్చుని పాటలు వింటున్నారు. బయట చిన్నక్క, నేను, తాడు పట్టుకున్న ఒక పనివాడు. అంతే.

లాకు దగ్గరికి వచ్చాం. ఎదురుగా చీకట్లో ఒక పెద్ద గోడ, పైన పసుపు రంగు దీపాలు. లాకు వెడల్పు 12 మీటర్లు. మా ఓడ వెడల్పు దానికి రవ్వంత తక్కువ. అటు జానెడు, ఇటు జానెడు. అంత పెద్ద ఓడ, నూట ముప్పై అయిదు మీటర్ల ఓడ, గోడని తాకకుండా లోపలికి జారింది. సూదిలోకి దారం ఎక్కించినట్టు. వెనక ఇనుప తలుపు మూసుకుంది. చుట్టూ తడి గోడలు. నాచు వాసన. మన కాలవ వాసనే, ఆ నాచు వాసన. చెయ్యి చాపితే గోడ అందుతుంది. నేను చేతి తొడుగు తీసి ముట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉంది.

తర్వాత శబ్దం లేకుండా నీళ్ళు పెరగడం మొదలైంది. ఓడ లేస్తున్నట్టు తెలియదు. గోడ దిగుతున్నట్టు ఉంటుంది. చిన్నక్క నా చెయ్యి పట్టుకుని, "చూడవే, గోడ దిగిపోతోంది" అంది. పనివాడు తాడుని గోడలో ఉన్న ఒక ఇనుప గుంజకి తగిలించాడు. ఆ గుంజ కూడా గాడిలో ఓడతో పాటే పైకి వస్తోంది. ఎంత ఎత్తు లేచామనుకున్నారు? 24.67 మీటర్లు. ఎనిమిది అంతస్తుల మేడ. పైకి రాగానే ఒక్కసారిగా చలిగాలి, ఆకాశం, అటూ ఇటూ చీకటి పొలాలు, దూరంగా ఒక ఊరి చర్చి దీపం. అదే ఎత్తు లాకులు వరసగా మూడు. మూడూ చూశాం. మూడోది హిల్పోల్ట్‌స్టయిన్ అనే ఊరి దగ్గర. అప్పటికి అర్ధరాత్రి దాటింది.

ఈ మూడు లాకుల పక్కనా మెట్లు మెట్లుగా పెద్ద తొట్లు కట్టారు. ఓడ దిగేటప్పుడు బయటికి పోయే నీళ్ళలో 60 శాతం దాకా వాటిలో పట్టి ఉంచి, తర్వాతి ఓడకి వాడతారు. ఎంత పొదుపు! నాన్న చూసి ఉంటే ఆ తొట్ల దగ్గర గంట నిలబడేవారు. లస్కరు కోసం వెతికాను. ఎవరూ లేరు. దూరంగా ఒక గదిలో కూర్చుని, కెమెరాల్లో చూస్తూ ఒక్కరే కొన్ని లాకులు నడుపుతారట. గట్టు మీద లాంతరు లేదు. ఆ మాట చిన్నక్కతో అంటే, తను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

హిల్పోల్ట్‌స్టయిన్ దాటాక కాలవ సముద్ర మట్టానికి 406 మీటర్ల ఎత్తున ఉంటుంది. సముద్రం నుంచి వచ్చే సరుకు ఓడలు యూరప్‌లో ఎక్కగలిగిన అత్యంత ఎత్తు అదే. అక్కడ గట్టు మీద సిమెంటుతో ఒక గుర్తు కట్టారు. ఆ గుర్తుకి ఇటు పడ్డ వాన మైన్ వెళ్ళి కలిసే రైన్ నదిలోకి, అటు పడ్డ వాన డాన్యూబ్‌లోకి. మేము దాన్ని దీపం వెలుగులో ఒక్క క్షణం చూశాం.

వేసవిలో అయితే ఇదంతా ఎలా ఉంటుందో మేనల్లుడు చెప్పాడు. వాడు ఆగస్టులో వెళ్ళాడు. పొద్దు తొమ్మిదింటికి గానీ వాలదు, ముందు జాగా అంతా జనం, అందరి చేతుల్లో ఫోన్లు. గోడ ముట్టుకోవడానికి వాడికి చోటు దొరకలేదు. మాకు మొత్తం ఓడ ముందు భాగం దొరికింది. సీజన్ కాని రోజుల్లో మనకు దొరికేది ఇదే. ఊళ్ళు కాస్త మూతపడి ఉంటాయి, నిజం. తోటల్లో పూలుండవు, నిజం. కానీ నది దొరుకుతుంది. పని చేసుకునే నది. ఇసుక, ధాన్యం, ఇనుము మోసుకుపోయే బార్జీలు, ఒడ్డున రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, పొగమంచులో ఒకదాన్నొకటి పిలుచుకునే ఓడల కూతలు.

మర్నాడు కాలవ కెల్‌హైమ్ దగ్గర డాన్యూబ్‌లో కలిసింది. రేగెన్స్‌బర్గ్‌లో 12వ శతాబ్దపు రాతి వంతెన చూశాం. ఆ సాయంత్రం ఓడ మేనేజరు అందర్నీ పిలిచి, "రేపు ఓడ ముందుకు వెళ్ళదు. నదిలో నీళ్ళు చాలవు" అని చెప్పారు.

నాకు కాసేపు టెన్షన్ పట్టుకుంది. చిన్నక్క మోకాళ్ళు అసలే అంతంత మాత్రం. కారణం ఏమిటంటే, డాన్యూబ్ మీద ఈ ప్రాంతంలో చాలా చోట్ల ఆనకట్టలు, లాకులు ఉండి నీళ్ళని నిలబెడతాయి. ష్ట్రౌబింగ్ నుంచి ఫిల్స్‌హోఫెన్ దాకా దాదాపు 70 కిలోమీటర్ల మేర మాత్రం లేవు. అక్కడ నది తన ఇష్టానికి పారుతుంది. అలాగే ఉండాలని అక్కడి జనం ఏళ్ళ తరబడి పోరాడారు, నిలబెట్టుకున్నారు. నేను లాకుల ఇంట్లో పుట్టినదాన్నే అయినా, ఆ నదిని అలా వదిలేయడం మంచిదే అనిపిస్తుంది. కానీ వాన తక్కువైన శరత్తులో అక్కడ ఓడ అడుగు నేలకి తగులుతుంది. మన గోదావరికి జూలై, ఆగస్టుల్లో వరద. ఆల్ప్స్ కొండల నీళ్ళు కలిసే నదులకు మంచు కరిగే వేసవి మొదట్లో నిండుదనం. శరత్తు వచ్చేసరికి ఆ మంచునీళ్ళు అయిపోతాయి.

మర్నాడు సామాన్లు సర్దుకుని బస్సులో పాసౌ వెళ్ళాం. అక్కడ అదే సంస్థ వాళ్ళ ఇంకో ఓడ ఉంది. అదే గది నంబరు, అదే మంచం. పాసౌలో మూడు నదులు కలుస్తాయి, డాన్యూబ్, ఇన్, ఇల్జ్. పురభవనం గోడ మీద ఏ ఏడు వరద ఎంత దాకా వచ్చిందో గీతలు గీసి ఏళ్ళు రాశారు. 2013 గీత చూడాలంటే తలెత్తాలి. ఆ ఏడు నది 12.89 మీటర్లకు పెరిగింది, 1501 తర్వాత అంత వరద లేదు. నీళ్ళు చాలక బస్సెక్కి వచ్చినవాళ్ళం, ఆ గీత కింద నిలబడ్డాం. ఒకే నది. చిన్నక్క ఆ గోడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంది.

ఆ రోజు నవంబర్ 11, సెయింట్ మార్టిన్ పండుగ. చీకటి పడగానే చిన్న పిల్లలు కాగితపు లాంతర్లు పట్టుకుని, పాడుకుంటూ వీధిలో వెళ్ళారు. లాకుల దగ్గర కనపడని లాంతర్లు అక్కడ కనిపించాయి.

సమయం దగ్గరపడుతోంది, మిగతాది త్వరగా చెప్తాను. ఆస్ట్రియాలో నది ఒడ్డున ఉన్న మెల్క్ మఠం నవంబర్ నుంచి గైడుతో మాత్రమే చూడనిస్తారు, వేళలు ముందే కనుక్కోండి. వాఖౌ లోయలో ద్రాక్ష తోటలు ఆకు రాల్చేశాయి, రాతి కట్టుగోడలు వరసలు వరసలుగా బయటపడ్డాయి. నాకు అవే నచ్చాయి. బుడాపెస్ట్‌లో 1913 నాటి సేచెన్యీ స్నానశాలలో, ఆరుబయట వేడినీటి కొలనులో కూర్చుంటే పైన చలి, చుట్టూ ఆవిరి. ఆ సుఖం వేసవిలో ఉండదు. చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకోండి, ఒకటి తడుస్తుంది.

ఇక మీరు కాగితం మీద రాసుకోవాల్సింది ఒక్కటే. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి. నదిలో నీళ్ళు తక్కువైనా, ఎక్కువైనా మీరేం చేస్తారు? ఎక్కువైనా ఓడ ఆగుతుంది, వంతెన కింద పట్టదు కాబట్టి. 2018 శరత్తులో రైన్ నది మీద కౌబ్ అనే ఊరి దగ్గర నీటిమట్టం కొలబద్ద మీద 25 సెంటీమీటర్లకు పడిపోయింది. 2024 సెప్టెంబర్ వరదల్లో డాన్యూబ్ మీద ఓడలు కదల్లేక నిలిచిపోయాయి. ఏ సంస్థ చేతిలోనూ లేని విషయం ఇది. కానీ అలాంటప్పుడు ఏం చేయాలన్నది మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంది. ఇంకో ఓడలోకి మారుస్తారా? రోజంతా బస్సులో తిప్పి హోటల్లో పడుకోబెడతారా? డబ్బు కొంతైనా తిరిగి ఇస్తారా? సామాన్లు ఎవరు మోస్తారు? ఫోన్లో చెప్పిన జవాబు చాలదు. రాతలో తీసుకోండి. మా మేనల్లుడు అలా రాయించుకున్నాడు కాబట్టే ఆ రాత్రి నా టెన్షన్ గంటలో తీరిపోయింది. చిన్నక్క ఒక్క సంచీ కూడా మోయలేదు.

న్యూరెంబర్గ్ నుంచి బుడాపెస్ట్ దారిలో వెళ్ళేవాళ్ళు ఆ ప్రశ్నలో రెండు ఊళ్ళ పేర్లు కూడా రాయండి. మెల్లగా చెప్తాను, రాసుకోండి. ష్ట్రౌబింగ్. ఫిల్స్‌హోఫెన్. మళ్ళీ చెప్తున్నాను. ష్ట్రౌబింగ్, ఫిల్స్‌హోఫెన్. ఆ రెండిటి మధ్య నీళ్ళు చాలకపోతే మా సంగతేమిటి, అని అడగండి.

నమస్కారం.