చీటీలు వేసిన ఏడాది వెరోనా గెలిచింది

శ్రోతలకు నమస్కారం. ఇటలీలో ఫుట్‌బాల్ లీగు మొదటి శ్రేణిని సెరియె ఆ అంటారు. 1984 సెప్టెంబరులో మొదలై 1985 మే నెలలో ముగిసిన ఆ లీగు సీజను గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఆ ఏడు అక్కడ ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఏ మ్యాచ్‌కు ఏ రిఫరీ వెళ్లాలన్నది పెద్దలు కూర్చుని నిర్ణయించడం మానేసి, చీటీలు వేసి తేల్చారు. 1980లో పందేల కుంభకోణం బయటపడి మిలాన్, లాజియో వంటి పేరున్న జట్లనే రెండో శ్రేణికి దించవలసి వచ్చిన తర్వాత, ఇటలీ అభిమానికి ఆట మీద ప్రేమ తగ్గలేదు గాని, ఆటను నడిపేవారి మీద నమ్మకం బాగా సన్నగిల్లింది. పెద్ద క్లబ్బులకు అనుకూలంగా ఈల వేసేవారినే పంపుతారన్న అనుమానం అంతకుముందు నుంచీ ఉన్నదే. పూర్తిగా చీటీల మీద నడిచిన సీజను ఆ ఒక్కటే. ఆ ఒక్క ఏడాదే వెరోనా ఛాంపియన్ అయింది. అంతకుముందు ఎన్నడూ కాలేదు, ఆ తర్వాతా కాలేదు.

వెరోనా ఆదిజె నది ఒడ్డున ఉన్న ఊరు. రోమన్ల నాటి రంగస్థలం ఇప్పటికీ ఊరి నడుమ నిలిచి ఉంది. పేరుకు పాత నగరమే అయినా, తన ప్రాంతానికి రాజధాని కూడా కాదు; ఆ హోదా వెనిస్‌ది. ఇటలీ లీగు ఒకే విభాగంగా నడవడం మొదలైన 1929 నుంచి చూసుకుంటే, ప్రాంతీయ రాజధాని కాని ఊరి జట్టు టైటిల్ గెలవడం ఇదొక్కసారే జరిగింది. అదైనా ఎటువంటి ఏడాది! అప్పట్లో ఒక్కో క్లబ్బుకు ఇద్దరు విదేశీ ఆటగాళ్లకే అనుమతి ఉండేది గనుక, ప్రపంచంలోని మేటి ఆటగాళ్లు పదహారు జట్లలోకీ పంచిపెట్టినట్టు చేరారు. జువెంటస్‌లో ప్లాటినీ, ఉదినేజెలో జీకో, రోమాలో ఫల్కావో, ఇంటర్‌లో రుమెనిగే, ఫ్లోరెన్స్‌లో సోక్రటీస్. వీరందరినీ మించి, ఆ వేసవిలోనే బార్సిలోనా నుంచి నేపుల్స్‌కు వచ్చిన మరడోనా.

ఆ మరడోనా ఇటలీ లీగులో ఆడిన తొలి మ్యాచ్ వెరోనాలోనే జరిగింది, సెప్టెంబరు 16న. అతన్ని కాపలా కాసే పని జర్మనీ నుంచి కొత్తగా వచ్చిన హాన్స్ పీటర్ బ్రీగెల్‌కు అప్పగించారు. బ్రీగెల్ ఒకప్పుడు డెకాథ్లాన్, అంటే పరుగులు, దూకుళ్లు, విసుర్లు కలిసిన పది అంశాల పోటీ, ఆడిన క్రీడాకారుడు, భారీ మనిషి. కాపలా కాయడంతో ఊరుకోక తనూ ఒక గోలు కొట్టాడు. వెరోనా 3-1తో గెలిచింది. కొత్త రాజుకు స్వాగతం పలకడానికి కూర్చున్న పత్రికలన్నీ మర్నాడు ఇంకొకరి గురించి రాసుకోవలసి వచ్చింది.

జట్టును నిలబెట్టినవాడు కోచ్ ఓస్వాల్దో బాన్యోలి. మిలాన్ నగరంలో కార్మికులుండే బొవీజా పేటలో పుట్టినవాడు, మాట పొదుపు మనిషి. 1981లో అతను వచ్చేసరికి వెరోనా రెండో శ్రేణిలో ఉంది. మరుసటి ఏడాదికి పైకి తెచ్చాడు, ఆ పైయేడు నాలుగో స్థానంలో నిలబెట్టాడు. వరుసగా రెండుసార్లు ఇటలీ కప్పు ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు. అంటే ఈ జట్టు రాత్రికి రాత్రి ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. బాన్యోలి చేరదీసినవారిలో చాలామంది పెద్ద క్లబ్బులు అక్కర్లేదనుకున్నవారే. ఫాన్నా, గాల్దెరీసి జువెంటస్‌ను వదిలి వచ్చారు. వొల్పాతి ఒకవైపు ఆడుతూనే వైద్యం చదివినవాడు. గోల్‌కీపర్ గరెల్లాను లాజియోలో ఉన్న రోజుల్లో ‘పాపెరెల్లా’ అని వెక్కిరించేవారు. ఇటాలియన్‌లో ‘పాపెరా’ అంటే బాతు, గోల్‌కీపర్ చేసే ఘోరమైన తప్పుకూ అదే మాట. ఆ గరెల్లాయే వెరోనాలో మోకాళ్లతో, పాదాలతో, ఏది అందితే దానితో బంతిని ఆపి మొత్తం సీజనులో 19 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. చూడడానికి అందమైన ఆట కాదు, నిజమే. బంతి వలలో పడకపోవడమే చాలదా?

అక్టోబరు 14న జువెంటస్ వెరోనాకు వచ్చింది. గాల్దెరీసి తన పాత జట్టు మీదే మొదటి గోలు చేశాడు. ఆట చివరికొస్తుండగా డెన్మార్క్ ఫార్వర్డ్ ప్రెబెన్ ఎల్కయర్ ఎడమ అంచున బంతి తీసుకుని పరుగెత్తాడు. జువెంటస్ డిఫెండర్ పియోలి అడ్డుపడి జారుతూ కాలు వేశాడు. ఎల్కయర్ తూలాడు గాని పడలేదు. కుడికాలి బూటు మాత్రం ఊడి వెనకే గడ్డిలో ఉండిపోయింది. అతను ఆగలేదు, వెనక్కి చూడలేదు. పెనాల్టీ ప్రాంతం అంచున ఇంకో డిఫెండర్‌ను తప్పించుకుని, మేజోడు మాత్రమే మిగిలిన ఆ కుడికాలితోనే దూరపు మూలకు కొట్టాడు. 2-0. వెరోనా జనం ఇప్పటికీ ఆ సీజనును ఆ బూటుతోనే గుర్తుపెట్టుకుంటారు.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఇంకో మాట. ఆ రోజుల్లో ఇటలీలో లీగు మ్యాచ్‌లు టీవీలో ప్రత్యక్షంగా వచ్చేవి కావు. ఆదివారం మధ్యాహ్నం అన్ని ఊళ్లలోనూ ఆట ఒకేసారి మొదలయ్యేది. రేడియో ఒక మైదానం నుంచి ఇంకో మైదానానికి దూకుతూ వార్త చెప్పేది. ఫిబ్రవరిలో ఉదినెలో వెరోనా మూడు గోల్స్ ముందంజలో ఉండి, ఆ మూడూ తిరిగి ఇచ్చేసి, చివరకు 5-3తో గెలిచిన మధ్యాహ్నం ట్రాన్సిస్టర్ పట్టుకుని కూర్చున్న వెరోనా మనిషి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో మీరే ఊహించుకోండి.

మే 12న బెర్గామోలో అతలాంతాతో ఆడుతూ వెరోనా ముందు గోలు సమర్పించుకుంది. ఎల్కయర్ సమం చేశాడు. 1-1తో దొరికిన ఆ ఒక్క పాయింటుతో, ఇంకొక మ్యాచ్ మిగిలి ఉండగానే టైటిల్ ఖాయమైంది. గెలుపుకు రెండు పాయింట్లిచ్చే ఆ కాలపు లెక్కలో వెరోనా 43 పాయింట్లతో ముగించింది, తొరీనో 39తో రెండో స్థానంలో నిలిచింది. ముప్ఫై మ్యాచ్‌లలో పదిహేను గెలుపులు, పదమూడు డ్రాలు, రెండే ఓటములు.

ఇదంతా చీటీల చలవే అన్నవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను ఒప్పుకోను. చీటీలో ఏ రిఫరీ పేరు వచ్చినా, బ్రీగెల్ పరుగును, గరెల్లా మోకాళ్లను చీటీ తయారు చేయలేదు. అయితే చిన్న జట్టు ఆటగాడు ఈల గురించి బెంగ లేకుండా మైదానంలోకి దిగగలిగాడంటే, అంతవరకు ఆ పద్ధతికి పుణ్యం దక్కాలి. మరుసటి సీజనుకు పాత పద్ధతే తిరిగి వచ్చింది.

ఆ శరదృతువులో యూరోపియన్ కప్పు రెండో రౌండులో వెరోనాకు ఎదురైంది మళ్లీ జువెంటస్సే. బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో మే 29న జువెంటస్ ఆడిన అదే కప్పు ఫైనల్ వేళ 39 మంది చనిపోయిన ఘటన తర్వాత విధించిన శిక్ష కారణంగా, జువెంటస్ సొంత ఊరు తూరిన్‌లో ఆ మ్యాచ్ ప్రేక్షకులు లేని మైదానంలో జరిగింది. వెరోనా 2-0తో ఓడింది. ఫ్రెంచి రిఫరీ తమకు రావలసిన పెనాల్టీ ఇవ్వలేదని జట్టంతా మండిపడింది. దుస్తులు మార్చుకునే గది దగ్గర గొడవ విని పోలీసులు వస్తే, ఎప్పుడూ నోరు విప్పని బాన్యోలి, “దొంగల కోసమైతే పక్క గదికి వెళ్లండి” అన్నాడని ఇటలీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.