మార్చి 15 పింక్ స్లిప్: బడ్జెట్ తేలకముందే టీచర్‌కి నోటీసు ఎందుకు?

(తెర మీద: జనవరి నుంచి జులై దాకా క్యాలెండర్. మార్చి 15 చుట్టూ ఎర్ర సున్నా.)

కాలిఫోర్నియాలో పిల్లల్ని పబ్లిక్ స్కూల్‌కి పంపే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మార్చి రాగానే ఒకటే గోల: "మూడో తరగతి టీచర్‌కి పింక్ స్లిప్ ఇచ్చారట!" ఆ కాగితం అందినంత మాత్రాన ఉద్యోగం పోయినట్టు కాదు. పోవచ్చని చట్టప్రకారం ముందే చెప్పడం, అంతే. చిక్కంతా తేదీల్లో ఉంది.

గవర్నర్ బడ్జెట్ ప్రతిపాదన జనవరి 10కల్లా వస్తుంది. అది అంచనా మాత్రమే. పన్ను వసూళ్లు చూసుకుని మే 14కల్లా సవరిస్తారు. శాసనసభ ఆమోదానికి గడువు జూన్ 15. స్కూల్ డిస్ట్రిక్ట్ (అంటే ఆ ప్రాంతపు పబ్లిక్ బడుల్ని నడిపే సంస్థ) మాత్రం మార్చి 15 లోపే ప్రాథమిక నోటీసు, మే 15 లోపు తుది నోటీసు ఇచ్చి తీరాలి. చేతికెంత వస్తుందో తెలియకుండానే ఎవరిని వద్దనాలో రాసివ్వాలన్నమాట.

మార్చి గడువు దాటిందా, ఆ టీచర్ వచ్చే ఏడాదికీ ఉన్నట్టే లెక్క. అందుకే పది మంది సరిపోతారేమో అనుకున్న చోట పదిహేను మందికి నోటీసులు వెళ్తాయి. ఎక్కువ ఇచ్చినవి మేలో రద్దు చేసుకోవచ్చు. రాష్ట్ర నిధుల పెంపు 2 శాతం కంటే తక్కువైతే ఆగస్టు 15 లోపు తొలగించే వీలు చట్టంలో ఉంది కానీ, 2020లోలా దాన్ని శాసనసభే ఆపేయొచ్చు. దాన్ని నమ్ముకుని మార్చిని వదులుకునే హెచ్ఆర్ ఆఫీసరు ఉండరు.

(తెర మీద: బోర్డు తీర్మానం పట్టిక. "ఎలిమెంటరీ ఇన్‌స్ట్రక్షనల్ కోచ్: 1.0")

తొలగింపుల కోసం డిస్ట్రిక్ట్ బోర్డు చేసే తీర్మానంలో మనుషుల పేర్లుండవు, తగ్గించే సర్వీసులుంటాయి. 1.0 అంటే ఒక పూర్తికాలపు పోస్టు. కోచ్ (టీచర్లకు బోధనలో సాయపడేవారు) పోస్టు ఒకటి ఎత్తేశారనుకుందాం. అందులో ఉన్నావిడకి 14 ఏళ్ల సీనియారిటీ, ఎలిమెంటరీ చెప్పే క్రెడెన్షియల్ (బోధనా లైసెన్సు) ఉన్నాయి. ఆవిడ ఇంటికి పోరు, తరగతి గదికి వస్తారు. ఆవిడ కోసం రెండేళ్ల కిందట చేరిన టీచర్ కదలాలి. దీన్నే బంపింగ్ అంటారు. పోయింది కోచ్ పోస్టు, పింక్ స్లిప్ అందింది మీ పిల్లాడి టీచర్‌కి. మన ఊళ్లో రేషనలైజేషన్‌లో మిగులు టీచర్‌ని ఇంకో బడికి పంపుతారు. ఇక్కడ ఆ గొలుసు చివర ఉన్నవాళ్లు ఏకంగా బయటికే వెళ్తారు.

సీనియారిటీ లెక్క జీతంతో ప్రొబేషన్‌లో చేరిన మొదటి రోజు నుంచి. చాలామంది ఆగస్టులో ఒకే రోజు చేరతారు కాబట్టి అక్కడే పేచీ మొదలవుతుంది. అప్పుడు అదనపు క్రెడెన్షియళ్లు, బోర్డు ముందే పెట్టుకున్న ఇతర ప్రమాణాలు చూస్తారు. ద్విభాషా, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లను ప్రత్యేక అవసరం నిరూపించి, జూనియర్లైనా తొలగింపు వరస నుంచి తప్పించవచ్చు.

నోటీసు అందుకున్నవాళ్లు అందులో రాసిన తేదీ లోపు విచారణ కోరాలి. గడువు కనీసం 7 రోజులు. అడగకపోతే ఆ హక్కు పోయినట్టే. ముందుగా సీనియారిటీ జాబితాలో మీ చేరిన తేదీ, క్రెడెన్షియళ్లు సరిగా ఉన్నాయో చూసుకోండి. అక్కడ తప్పు ఉంటే అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి ముందు చెప్పుకోవచ్చు. తాత్కాలిక కాంట్రాక్టు వాళ్లకు ఈ రక్షణ లేదు. అయితే చేరినప్పుడు "తాత్కాలికం" అని రాతపూర్వకంగా చెప్పకపోతే వాళ్లు ప్రొబేషనరీగానే లెక్క, ఆ కాగితం వెతుక్కోవడం మంచిది.

(తెర మీద: సెకండ్ ఇంటరిమ్ రిపోర్ట్ మొదటి పేజీ.)

తల్లిదండ్రులు చూడాల్సింది ఇది, డిస్ట్రిక్ట్ ఆర్థిక పరిస్థితి చెప్పే రిపోర్టు. జనవరి 31 వరకు లెక్కలతో మార్చి మధ్యకల్లా బోర్డు ముందుకొస్తుంది. "పాజిటివ్" అంటే ఈ ఏడాదీ తర్వాతి రెండేళ్లూ గడుస్తాయని. "క్వాలిఫైడ్" అంటే గడవకపోవచ్చని, "నెగటివ్" అంటే గడవదని. మామూలు సమావేశం అజెండా 72 గంటల ముందు పెడతారు, ఈ రిపోర్టు అందులోనే ఉంటుంది. మైకు దగ్గర ఒకే ప్రశ్న అడగండి: ఈ పోస్టుల్లో ఎన్ని ఒక్కసారికే వచ్చిన నిధులతో నడుస్తున్నాయి? కొవిడ్ సాయం డబ్బుతో పెట్టిన పోస్టులు చాలాచోట్ల ఆ డబ్బు అయిపోగానే పోయాయి.

తొలగించిన పర్మనెంట్ టీచర్‌కి 39 నెలల పాటు సీనియారిటీ వరసలో తిరిగి పిలిపించుకునే హక్కుంటుంది. కొత్తగా చేరిన టీచర్లు అంతకాలం ఆగరు. మేలో నోటీసు రద్దు చేశామన్న ఉత్తరం చేరేసరికి పక్క డిస్ట్రిక్ట్‌లో సంతకం పెట్టేసి ఉంటారు. ఆగస్టులో అదే పోస్టుకి ప్రకటన పడుతుంది.